పివట్ రిపోర్ట్‌లో ఏ కాలమ్‌లు కనిపించాలో చూసేవాళ్లే ఎంచుకోవాలంటే

శాఖల పేర్లు కిందికి, నెలలు పక్కకి, మధ్య గడుల్లో అమ్మకాలు. ఇలాంటి పివట్ రిపోర్ట్, అంటే వరుసల్లోని విలువలని కాలమ్‌లుగా అడ్డంగా తిప్పిన రిపోర్ట్, వాడకంలోకి వెళ్లాక వచ్చే మొదటి కోరిక దాదాపు ఎప్పుడూ ఒకటే: "పన్నెండు నెలలూ వద్దు, నాకు కావలసిన నెలలు నేను టిక్ పెట్టుకుంటాను, అవే చూపించండి." కోరిక న్యాయమైనదే. పన్నెండు కాలమ్‌ల మధ్య రెండు అంకెలు పోల్చుకోవాలంటే కళ్లు నొప్పి పుడతాయి, ప్రింట్ తీస్తే పేజీ దాటిపోతుంది.

ఈ పనికి దారులు చాలా ఉన్నాయి. ఒక్కో దారిలో మొత్తాల అర్థం ఒక్కోలా మారుతుంది, చిక్కంతా అక్కడే. నా మాట ఒక్కటే: పివట్ ఎంత ఆలస్యంగా చేస్తే అంత మంచిది. డేటాని చివరిదాకా నిలువుగానే, అంటే శాఖ, నెల, మొత్తం అనే మూడు కాలమ్‌ల వరుసలుగానే ఉంచండి. చూసేవాళ్ల ఎంపిక ఆ వరుసల మీద ఫిల్టర్‌గా పని చేయాలి. అడ్డంగా తిప్పే పనిని రిపోర్ట్‌లోని మ్యాట్రిక్స్‌కి, అంటే వచ్చిన డేటాని బట్టి వరుసలూ కాలమ్‌లూ తానే వేసుకునే పట్టికకి, వదిలేయండి. ఉదాహరణలు ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్, దాని రిపోర్టింగ్ పనిముట్టు ఎస్‌ఎస్‌ఆర్‌ఎస్‌ల నుంచి చెబుతున్నాను కానీ, లెక్క ఏ పనిముట్టుకైనా ఇదే.

క్వెరీలోనే పివట్ చేస్తే ఎక్కడ ఇరుక్కుంటాం

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పివట్ ఆపరేటర్ 2005 వెర్షన్ నుంచీ ఉంది. అందులో ఇన్ తర్వాత వచ్చే కాలమ్ పేర్లు క్వెరీ రాసేటప్పుడే అక్షరాలా రాసి ఉండాలి. అక్కడ వేరియబుల్ పెట్టడం కుదరదు, సబ్‌క్వెరీ పెట్టడమూ కుదరదు. కాబట్టి ఎంపికను బట్టి కాలమ్‌లు మారాలంటే డైనమిక్ ఎస్‌క్యూఎల్, అంటే నడిచేటప్పుడు క్వెరీని స్ట్రింగ్‌గా కూర్చి నడిపించడం తప్ప గతి లేదు.

సరే, డైనమిక్‌గానే రాశామనుకుందాం. అసలు అడ్డం ఆ తర్వాత వస్తుంది. ఎస్‌ఎస్‌ఆర్‌ఎస్‌లో డేటాసెట్ (రిపోర్ట్‌కి డేటా తెచ్చే క్వెరీ, దాని ఫలితం) ఫీల్డుల జాబితా రిపోర్ట్ డిజైన్ చేసిన రోజునే స్థిరపడిపోతుంది. ఆ రోజు జనవరి నుంచి మార్చి దాకా కాలమ్‌లు వస్తే, రిపోర్ట్‌కి తెలిసినవి ఆ మూడే. రేపు స్టోర్డ్ ప్రొసీజర్ (డేటాబేస్‌లో దాచి ఉంచిన క్వెరీల ప్రోగ్రామ్) ఏప్రిల్ కాలమ్ కూడా పంపితే రిపోర్ట్ దాన్ని పట్టించుకోదు. ఫిబ్రవరి పంపకపోతే ఆ ఫీల్డ్ లేదని వార్నింగ్ ఇస్తుంది, దాన్ని వాడిన గడి ఖాళీగానో ఎర్రర్‌గానో మిగులుతుంది. ఫీల్డ్ వచ్చిందో లేదో చూడటానికి ఈజ్‌మిస్సింగ్ అనే ప్రాపర్టీ ఉంది కానీ, దాని మీద రిపోర్ట్ మొత్తం కట్టడం ఇసుకలో గోడ లేపినట్టే.

మ్యాట్రిక్స్‌కి ఈ బాధ లేదు. కాలమ్ గ్రూప్‌ని నెల ఫీల్డ్ మీద పెడితే, డేటాలో ఎన్ని నెలలు వస్తే అన్ని కాలమ్‌లు అదే వేసుకుంటుంది.

పారామీటర్ కట్టే పద్ధతి

చూసేవాళ్లు టిక్ పెట్టే ఎంపికని రిపోర్ట్‌లో పారామీటర్ అంటారు. దానికి నెలల జాబితా ఇచ్చే వేరే డేటాసెట్ ఒకటి పెట్టండి. అందులో రెండు కాలమ్‌లు చాలు: కోడ్, పేరు. దాన్ని లావాదేవీల టేబుల్ నుంచి కాక క్యాలెండర్ టేబుల్ నుంచో మాస్టర్ టేబుల్ నుంచో తీసుకోండి. లావాదేవీల్లోంచి డిస్టింక్ట్ తీస్తే రిపోర్ట్ తెరిచిన ప్రతిసారీ పెద్ద టేబుల్ మొత్తం చదవాల్సి వస్తుంది, పైగా అమ్మకాలు లేని నెల జాబితాలోనే కనిపించదు.

పారామీటర్‌లో ఒకటికి మించిన విలువలను అనుమతించండి. విలువగా కోడ్, లేబుల్‌గా పేరు ఇవ్వండి. డిఫాల్ట్ విలువలకీ అదే డేటాసెట్, అదే కోడ్ కాలమ్ చూపిస్తే రిపోర్ట్ తెరవగానే అన్నీ టిక్ అయి ఉంటాయి. "సెలెక్ట్ ఆల్" గడి దానంతటదే వస్తుంది, మీరు వేరే కట్టనక్కర్లేదు. ఇలాంటి పారామీటర్‌కి నల్ (విలువే లేకపోవడం) ఇవ్వడం కుదరదు కాబట్టి, ఏదీ ఎంచకపోతే రిపోర్ట్ నడవదు. ఇది మంచిదే.

ఈ ఎంపిక క్వెరీకి చేరే తీరు రెండు రకాలు. డేటాసెట్‌లో క్వెరీ నేరుగా రాసి ఉంటే, ఇన్ బ్రాకెట్లలో పారామీటర్ పేరు పెట్టండి చాలు; రిపోర్ట్ దాన్ని కామాలతో వేరు చేసిన విలువలుగా విడదీసి పంపుతుంది. స్టోర్డ్ ప్రొసీజర్ అయితే అలా కాదు. అన్ని విలువలూ కలిసి కామాలతో ఒకే స్ట్రింగ్‌గా లోపలికి వస్తాయి. నేరుగా ఇన్‌లో పెట్టేస్తే, ఒక్కటే ఎంచినప్పుడు పని చేస్తుంది, రెండు ఎంచగానే ఖాళీ రిపోర్ట్ వస్తుంది, లేదా అంకెగా మార్చలేనన్న ఎర్రర్ వస్తుంది. లోపల స్ట్రింగ్_స్ప్లిట్‌తో విడదీయాలి. ఇది 2016 వెర్షన్ నుంచి ఉంది, డేటాబేస్ కంపాటిబిలిటీ లెవెల్ కనీసం 130 ఉండాలి. సర్వర్ కొత్తదైనా, పాత చోటు నుంచి తెచ్చి పెట్టిన డేటాబేస్ పాత లెవెల్‌లోనే ఉండిపోతుంది. అలాంటప్పుడు ఫంక్షన్ పేరే తెలియదన్నట్టు ఎర్రర్ వస్తుంది. వెర్షన్ చూసి ఊరుకోకుండా లెవెల్ కూడా చూడండి.

విలువగా పేరు కాక కోడ్ ఇవ్వమన్నది కూడా ఇందుకే. ఏదైనా పేరు మధ్యలో కామా ఉంటే స్ప్లిట్ దాన్ని రెండు ముక్కలు చేస్తుంది, ఆ కాలమ్ చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. ఎర్రర్ రాదు కాబట్టి ఎవరూ గమనించరు.

ఫిల్టర్‌ని క్వెరీలో కాకుండా రిపోర్ట్‌లోని డేటాసెట్ మీదో మ్యాట్రిక్స్ మీదో కూడా పెట్టవచ్చు. అక్కడ ఒక పాత ఉచ్చు ఉంది. ఎక్స్‌ప్రెషన్ ఎడిటర్‌లో పారామీటర్ మీద డబుల్ క్లిక్ చేస్తే, చివర బ్రాకెట్లలో సున్నాతో సహా వచ్చి పడుతుంది. దానర్థం "ఎంచినవాటిలో మొదటిది" అని. ఆపరేటర్ ఇన్ అని సరిగ్గానే పెట్టినా, ఎన్ని టిక్ పెట్టినా ఒక్క కాలమే వస్తుంటే ముందు చూడాల్సింది ఆ సున్నానే. దాన్ని బ్రాకెట్లతో సహా చెరిపేయండి.

క్వెరీలో ఫిల్టర్ పెడితే తక్కువ డేటా కదులుతుంది. రిపోర్ట్‌లో పెడితే డేటా అంతా వస్తుంది కానీ, స్నాప్‌షాట్ మీద, అంటే ముందే తీసి దాచిన డేటా మీద, నడిచే రిపోర్ట్‌లో కూడా చూసేవాళ్లు ఎంపిక మార్చుకోగలుగుతారు. క్వెరీ పారామీటర్‌గా వాడితే స్నాప్‌షాట్ తీసినప్పటి విలువలే బిగిసిపోతాయి. రోజుకి ఒక్కసారి తాజా అయ్యే, వందలమంది చూసే రిపోర్ట్ అయితే ఫిల్టర్‌ని రిపోర్ట్‌లో పెట్టడమే నయం.

దాచడమా, తీసేయడమా

ఇక్కడ కాస్త నిలబడి ఆలోచించాలి. ఒక శాఖకి జనవరిలో 100, ఫిబ్రవరిలో 150, మార్చిలో 50 అమ్మకాలు ఉన్నాయనుకోండి. చూసేవారు జనవరి, ఫిబ్రవరి మాత్రమే ఎంచుకున్నారు. ఫిల్టర్‌తో మార్చి వరుసలు తీసేస్తే చివరి కాలమ్‌లో మొత్తం 250. మార్చి కాలమ్‌ని విజిబిలిటీతో దాచేస్తే మొత్తం 300, ఎందుకంటే డేటా ఇంకా లోపలే ఉంది. జనవరి వాటా మొదటి లెక్కన 40 శాతం, రెండో లెక్కన 33.3 శాతం. రెండూ తప్పు కాదు. కానీ ఒకే పేరుతో కనిపించే రెండు వేరు అంకెలు సమావేశంలో ఇద్దరి చేతుల్లో ఉంటే గొడవ ఖాయం.

అందుకని రిపోర్ట్ మొదలుపెట్టక ముందే అడిగి తేల్చుకోండి: మొత్తం అంటే కనిపించే కాలమ్‌ల మొత్తమా, ఏడాది మొత్తమా? "రెండూ కావాలి" అన్న జవాబు తరచుగా వస్తుంది. అప్పుడు డేటాని ఫిల్టర్ చేయకండి. వరుసలన్నీ రానిచ్చి, క్వెరీలో ఎంపిక అనే ఫ్లాగ్ కాలమ్ ఒకటి చేర్చండి. ఎంచిన నెలకి 1, మిగతావాటికి 0. కాలమ్ గ్రూప్‌ని ఆ ఫ్లాగ్ సున్నా అయినప్పుడు దాచండి. మొత్తాలకి రెండు కాలమ్‌లు పెట్టండి: ఒకటి మామూలు సమ్, రెండోది ఫ్లాగ్ 1 ఉన్నవాటికే సమ్. ఆ రెండో దాంట్లో "లేకపోతే సున్నా" అని రాస్తే ఎర్రర్ గడి రావచ్చు. మొత్తం డెసిమల్ రకం, రాసిన సున్నా ఇంటీజర్ రకం కావడం వల్ల సమ్ ఆ రెంటినీ కలపలేదు. సున్నా బదులు నథింగ్ అని ఇవ్వండి, లేదా సున్నాని డెసిమల్‌గా మార్చి ఇవ్వండి. కాలమ్ శీర్షికల్లో "ఎంచిన నెలల మొత్తం", "ఏడాది మొత్తం" అని పూర్తిగా రాయండి. ఉత్త "మొత్తం" అని మాత్రం వద్దు.

సగటులు, శాతాల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. నెలల సగటులను మళ్లీ సగటు తీస్తే అసలు సగటు రాదు. లవం, హారం విడివిడిగా కూడి, చివర్లో భాగించాలి.

డేటా లేని కాలమ్, డేటా లేని వరుస

ఫిల్టర్ పద్ధతికి ఒక లోటు ఉంది. చూసేవారు మార్చి టిక్ పెట్టారు, మార్చిలో ఎక్కడా అమ్మకాలు లేవు. మ్యాట్రిక్స్‌లో మార్చి కాలమే రాదు. "నేను ఎంచాను కదా, ఏదీ?" అని ఫోన్ వస్తుంది. అలాగే ఎంచిన నెలల్లో ఏమీ అమ్మని శాఖ వరుస మొత్తంగా మాయమవుతుంది. ఏమీ అమ్మని శాఖ ఏదో తెలుసుకోవడానికే ఆ రిపోర్ట్ తెరిచి ఉండవచ్చు.

దీనికి అస్థిపంజరం లాంటి క్వెరీ కావాలి. ఎంచిన నెలలని, శాఖలని క్రాస్ జాయిన్ చేసి (ప్రతి నెలనీ ప్రతి శాఖతో జత చేసి), దానికి అమ్మకాల మొత్తాలని లెఫ్ట్ జాయిన్ చేయండి, అంటే అమ్మకం లేకపోయినా ఆ జత వరుస నిలిచి ఉండేలా కలపండి. ఫిల్టర్ షరతు లావాదేవీల టేబుల్ కాలమ్ మీద వేర్‌లో రాస్తే లెఫ్ట్ జాయిన్ ఇన్నర్ జాయిన్ అయిపోతుంది, అందుకని దాన్ని ఆన్‌లో రాయాలి. 200 శాఖలు, 12 నెలలు అంటే 2,400 వరుసలు, అసలు లెక్కే కాదు. 5,000 వస్తువులు, 365 రోజులు అయితే మాత్రం 18,25,000 వరుసలవుతాయి, అంత భారం అక్కర్లేదు. ప్రతి వస్తువునీ ఎంచిన రోజుల్లో ఏదో ఒక్కదానితో, ప్రతి రోజునీ ఏదో ఒక్క వస్తువుతో జత చేసి, మొత్తం నల్‌గా పెట్టి, అసలు డేటాకి యూనియన్ ఆల్ చేస్తే చాలు. అన్ని వరుసలూ కాలమ్‌లూ ఒక్కసారైనా డేటాలో ఉంటే మ్యాట్రిక్స్ వాటిని వేస్తుంది. దీనికి అదనంగా పడేవి 5,365 వరుసలే. సమ్ నల్‌ని లెక్కలోకి తీసుకోదు కాబట్టి మొత్తాలు చెడవు. వరుసలని లెక్కపెట్టే కౌంట్ ఎక్కడైనా వాడి ఉంటే మాత్రం ఈ ఉత్త వరుసలు కూడా అందులో పడతాయి. ఈ ఉత్త వరుసల్లో నల్‌గా ఉండే ఫీల్డ్ మీద, అంటే మొత్తం మీద, కౌంట్‌కి మార్చండి.

ఖాళీ గడిలో సున్నా వేయాలా, ఖాళీగా వదలాలా అన్నది అలవాటు మీద తేల్చేది కాదు. అమ్మకం లేకపోవడం, అంకె ఇంకా అందకపోవడం వేర్వేరు. రెంటినీ సున్నా చేస్తే తేడా పోతుంది.

కాలమ్‌లు ముందే తెలిసినప్పుడు

నెలలు పన్నెండే, అవి ఎప్పటికీ మారవు. అలాంటి చోట క్వెరీలో పివట్ చేసి, రిపోర్ట్‌లో పన్నెండు స్థిరమైన కాలమ్‌లు పెట్టి, ఒక్కోదానికీ విజిబిలిటీ ఎక్స్‌ప్రెషన్ రాసుకోవడం తప్పేమీ కాదు. కాలమ్ పైనున్న బూడిద రంగు పట్టీ మీద రైట్ క్లిక్ చేసి కాలమ్ విజిబిలిటీ తెరవండి. గడిలోని టెక్స్ట్‌బాక్స్‌ని దాచితే చాలదు, ఆ చోటు ఖాళీగా అలాగే ఉండిపోతుంది. ఆ ఎక్స్‌ప్రెషన్ హిడెన్ అనే ప్రాపర్టీకి వెళ్తుంది కనుక, ట్రూ అంటే దాచు అని. కనిపించాలి అనుకుని రాస్తే ఎంచినవి పోయి ఎంచనివి వస్తాయి.

ఎంచినవాటిలో ఈ నెల ఉందా అని చూడటానికి చాలామంది విలువలని జాయిన్‌తో కామాల స్ట్రింగ్ చేసి, ఇన్‌స్టర్‌తో వెతుకుతారు. డిసెంబర్ ఒక్కటే, అంటే 12 ఎంచి చూడండి. 12లో 1 ఉంది, 2 కూడా ఉంది. జనవరి, ఫిబ్రవరి కూడా బయటికొస్తాయి. స్ట్రింగ్‌కి ముందూ వెనకా కామా చేర్చి, వెతికే కోడ్‌కీ రెండు వైపులా కామా పెడితే ఇది తప్పుతుంది. అంతకంటే శుభ్రమైనది ఎర్రే ఇండెక్స్‌ఆఫ్. అది మైనస్ 1 ఇస్తే ఆ విలువ ఎంపికలో లేదని. దీనికి రకాలు సరిపోవాలి. పారామీటర్ ఇంటీజర్ అయి, పోల్చే ఫీల్డ్ డేటాబేస్‌లో టైనీఇంట్‌గానో బిగ్‌ఇంట్‌గానో ఉంటే, చూడటానికి రెండూ 3 అయినా ఎప్పటికీ కలవవు. ఫీల్డ్‌ని సీఇంట్‌తో మార్చి పోల్చండి.

నెలలతో పాటు కొలతలు కూడా ఎంచుకోవాలంటే, అంటే అమ్మకం, పరిమాణం, లాభ శాతం లాంటివి, ఒక్కో కొలతకి విజిబిలిటీ రాసుకుంటూ పోవడం త్వరలోనే విసుగొస్తుంది. కొలతలని కూడా నిలువుగా చేయండి. క్రాస్ అప్లై, వాల్యూస్‌తో ఒక్కో వరుసని కొలత పేరు, విలువ అనే జతలుగా విడదీసి, కొలత పేరుని లోపలి కాలమ్ గ్రూప్‌గా పెట్టండి. శాతానికి, మొత్తానికి అంకె రూపం వేరు కాబట్టి, ఫార్మాట్ కోడ్‌ని కూడా వరుసలోనే తెచ్చి, గడి ఫార్మాట్ ప్రాపర్టీకి ఆ ఫీల్డ్‌నే ఇవ్వవచ్చు. ఇంత హాయిగా పని చేసే చిట్కా ఈ పనిముట్టులో అరుదు. అయితే ఇందాక చెప్పిన శాతాల మాట మరవకండి. ఇలా విడదీసిన శాతాలని మొత్తం కాలమ్‌లో కూడకూడదు; ఆ కొలతకి లవం, హారం కూడా వరుసలో రావాలి.

డైనమిక్ ఎస్‌క్యూఎల్ తప్పనిసరైతే

రిపోర్ట్ సర్వర్ కాక, కాలమ్‌లు ఎన్ని వస్తే అన్ని చూపించే వెబ్ గ్రిడ్‌కో ఫైల్‌కో డేటా పంపేటప్పుడు క్వెరీలోనే తిప్పాలి. వచ్చిన కోడ్‌లని నేరుగా స్ట్రింగ్‌లో అతికించకండి. విడదీసిన కోడ్‌లని మాస్టర్ టేబుల్‌తో జాయిన్ చేసి, అక్కడ దొరికిన పేర్లనే వాడండి. బయటి అక్షరం ఒక్కటి కూడా క్వెరీలోకి చేరదు. ఒక్కో పేరునీ క్వోట్‌నేమ్‌తో చదరపు బ్రాకెట్లలో చుట్టి, స్ట్రింగ్_ఆగ్‌తో ఒకే స్ట్రింగ్‌గా కలపండి, వితిన్ గ్రూప్‌లో వరుస క్రమం చెప్పండి. క్వోట్‌నేమ్‌కి 128 అక్షరాలు దాటిన పేరు ఇస్తే నల్ వస్తుంది. స్ట్రింగ్_ఆగ్ ఆ నల్‌ని వదిలేసి మిగతావి కలుపుతుంది, ఒక కాలమ్ నిశ్శబ్దంగా తగ్గుతుంది. ప్లస్‌తో కలిపే పాత పద్ధతిలో అయితే క్వెరీ స్ట్రింగ్ మొత్తం నల్ అయిపోయి అసలేమీ నడవదు. కాలమ్‌లు ఎక్కువైతే స్ట్రింగ్_ఆగ్ 8,000 బైట్ల దగ్గర ఎర్రర్ ఇస్తుంది, అందుకని లోపలి విలువని ముందే ఎన్‌వార్‌చార్ మ్యాక్స్‌కి మార్చండి.

పివట్‌కి ఇచ్చే డిరైవ్డ్ టేబుల్‌లో అవసరమైన మూడు కాలమ్‌లే ఉండాలి. సమ్‌లో గానీ ఫర్‌లో గానీ చెప్పని ప్రతి కాలమ్ మీదా పివట్ దానంతటదే గ్రూప్ చేస్తుంది. లావాదేవీ నంబర్ ఒక్కటి పొరపాటున ఉన్నా, ఒక్కో లావాదేవీకి ఒక్కో వరుస వచ్చి, ఎక్కువ గడులు నల్‌తో నిండిపోతాయి.

పివట్ లేని చోట, మైఎస్‌క్యూఎల్‌లో లాగా, సమ్ లోపల కేస్ రాసి అదే ఫలితం తెచ్చుకుంటారు. పోస్ట్‌గ్రెస్‌లో 9.4 నుంచి ఫిల్టర్ క్లాజ్ ఉంది, చదవడానికి ఇంకా తేలిక.

పేజీ వెడల్పు, క్రమం, పంపకాలు

నెలలని పేరు మీద సార్ట్ చేస్తే అక్షర క్రమంలో వస్తాయి. కాలమ్ గ్రూప్ సార్ట్‌ని నెల సంఖ్యకి, ఏడాదులు మారితే ఏడాదికి, ఆ తర్వాత నెల సంఖ్యకి మార్చండి.

ప్రింట్ లెక్క ముందే కట్టండి. ఎ4 అడ్డంగా 29.7 సెంటీమీటర్లు, రెండు వైపులా 1 సెంటీమీటర్ మార్జిన్ పోతే 27.7. శాఖ పేరుకి 5 తీస్తే, పన్నెండు నెలలు, ఒక మొత్తం కలిపి పదమూడు కాలమ్‌లకి 22.7 మిగిలింది. ఒక్కోటి 1.7 అయితే పడతాయి, 1.8 అయితే చివరి కాలమ్ రెండో పేజీకి పోతుంది. రిపోర్ట్ బాడీ వెడల్పు ఈ 27.7 దాటినా పీడీఎఫ్‌లో ఖాళీ పేజీలు వస్తాయి. అన్నీ ఎంచినప్పుడు సరిపోయేలా కట్టితే, తక్కువ ఎంచినప్పుడు ఎలాగూ సరిపోతుంది.

రిపోర్ట్ తల భాగంలో ఏ నెలలు ఎంచారో రాయండి. పారామీటర్ లేబుళ్లని జాయిన్‌తో కలిపి ఒక టెక్స్ట్‌బాక్స్‌లో పెడితే చాలు. ప్రింట్ చేతులు మారాక ఆ అంకెలు దేనివో చెప్పేది అదొక్కటే.

సబ్‌స్క్రిప్షన్లు, అంటే రిపోర్ట్‌ని వేళకి దానంతటదే పంపే ఏర్పాట్లు, ఈ ఎంపికని, పెట్టిన రోజు ఉన్న విలువలతోనే దాచుకుంటాయి. అన్నీ టిక్ పెట్టి సేవ్ చేసినా, వచ్చే నెల జాబితాలో చేరిన కొత్త కాలమ్ అందులో ఉండదు. సబ్‌స్క్రిప్షన్ పెట్టేటప్పుడు విలువలు విడిగా ఎంచకుండా రిపోర్ట్ డిఫాల్ట్‌నే వాడమంటే, నడిచిన ప్రతిసారీ డిఫాల్ట్ క్వెరీ కొత్తగా నడుస్తుంది. లేదా జాబితాలో 0 కోడ్‌తో "గత 3 నెలలు" లాంటి అంశం ఒకటి చేర్చి, దాని అర్థాన్ని ప్రొసీజర్‌లో ఆ రోజు తేదీని బట్టి తేల్చండి. అలా చేస్తే తల భాగంలో లేబుల్ బదులు నిజంగా వచ్చిన నెలల పేర్లు డేటాసెట్ నుంచి తెచ్చి చూపించాలి.